జుట్టు కప్పేస్తాదని చెప్పినా

తిరుపతిలో ముప్పైమూడేండ్లు నర్సు పని చేసి పోయినేడు రిటైరయినా. నా పేరు సుగుణ. మా ఊరు పూతలపట్టు, మాది చర్చికి పోయే ఇల్లు. కడపటి పద్నాలుగేండ్లు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ప్లాస్టిక్ సర్జరీ వార్డు చూసినా. ఆ వార్డుకు సినిమావాళ్ళే వస్తారని జనం అనుకుంటారు. యాడొచ్చేది! వచ్చేది కాలిన చేతులు, మిషన్లో పడి తెగిన వేళ్ళు, బైకు మింద నుంచి పడి చెక్కుకుపోయిన మోకాళ్ళు. నడమ నడమ ఎవరో ఒకరు, "సిస్టర్, ముఖం జారిపోయింది, పైకి లాగతారంట కదా" అని గుసగుసగా అడిగేదానికి వస్తారు. ఈడ రాసేది వాళ్ళ గురించే.

ఎందుకంటే, కొత్తగా డ్యూటీకి వచ్చే పిల్లలు వాళ్ళను చూసి అటుపక్కకు తిరిగి నవ్వుతారు. "పనీపాటా లేదక్కా వీళ్ళకు" అంటారు. నవ్వద్దండి తల్లీ. మొదట్లో నేనూ నవ్వినదాన్నే. ఆ నవ్వు వల్ల అడగాల్సింది అడగకుండా పోయినా. ఫేస్‌లిఫ్ట్‌కు వచ్చే మనిషికి కత్తి పట్టే డాక్టరు కన్నా ముందు కనపడేది మనమే. మనం ఏం అడిగినామో, ఏం అడగలేదో, దాన్ని బట్టే ఆ మనిషి తర్వాత సుఖపడతాదో అగచాట్లు పడతాదో తేలిపోతాది.

పడుకోబెట్టి అద్దం ఇచ్చే డాక్టరు

మా డాక్టరు పేరు చెంగల్రాయుడు. మద్రాసులో చదివి వచ్చినాడు. ముక్కు మింద కోపం, మాట మాత్రం ఒక్కటీ అబద్ధం ఉండదు. నన్ను ఎన్నిసార్లు తిట్టినాడో అన్నిసార్లూ సాయంత్రానికి కాఫీ తెప్పించి ఇచ్చినాడు. "సారీ" అనడం ఆయనకు చేతకాదు, కాఫీయే సారీ.

ముఖం లాగమని వచ్చినోళ్ళను ఆయన మొదట మంచం మింద వెల్లకిలా పడుకోమంటాడు. చేతికి అద్దం ఇస్తాడు. పడుకుంటే చెంపలు వెనక్కి పోతాయి, గడ్డం కింద సంచి మాయమయిపోతాది. అందరి ముఖమూ వెలిగిపోతాది అప్పుడు. "చూసుకున్నావా? రొంత అటూ ఇటూగా ఇదే నేను చెయ్యగలిగింది. ఇది చాలంటే మాట్లాడుకుందాం. పెండ్లినాటి ముఖం కావాలంటే నా దగ్గర లేదు" అంటాడు. సగం మంది ఆడికే లేచి పోతారు. పోనీలే, పోయినోళ్ళే బాగుపడినారు అంటాడు.

మిగిలినోళ్ళకు నేను చెప్పాల్సింది చెప్పేదాన్ని. ఈ ఆపరేషన్ జారిన చెంపను, దవడ గీతను, మెడను సర్దుతాది. మంగు పోదు, తోలు రంగు మారదు, పెదవి చుట్టూ సన్నటి గీతలు అట్లే ఉంటాయి. వయసు ఆగదు, ఆపరేషన్ అయిన మరుసటి దినం నుంచే మళ్ళీ నడుస్తాది. చెవి చుట్టూ నెలల తరబడి తిమ్మిరి ఉంటాది, కొందరికి ఆ చోట కొంచెం అట్లే నిలిచిపోతాది. బీపీ కట్టులో లేకపోతే లోపల నెత్తురు గడ్డ కట్టి మళ్ళీ థియేటరుకు పోవాల్సి వస్తాది. నెత్తురు పలచన చేసే మాత్ర ఏదైనా మింగుతుంటే ముందే చెప్పాల, కానీ డాక్టరును అడగకుండా మీ అంతట మీరు మానేయగూడదు. మూతి ఒక పక్కకు పోయే ప్రమాదం కూడా ఉండాది, అరుదే అయినా చెప్పకుండా దాచగూడదు. కూతురి పెండ్లి ఇరవై దినాల్లో ఉండాది, ముహూర్తానికి ఆరిపోతాదా అని అడిగినోళ్ళను డాక్టరు గుమ్మం దగ్గరే తిప్పి పంపేవాడు. వాపుతో, కమిలిన కండ్లతో పందిట్లో నిలబడితే వియ్యంకులు ఏమనుకుంటారో ఆలోచించండి!

పొగ తాగేవాళ్ళ గురించి వేరే చెప్పాల. చిత్తూరు మామిడి మండీలో వ్యాపారం చేసే ఒక పెద్దాయన వచ్చినాడు. ఆపరేషన్‌కు ముందు ఎన్నో వారాలు సిగరెట్టు మానాల, లేకపోతే తోలుకు నెత్తురు అందదు అని చెప్తే, "ఎప్పుడో మానేసినా సిస్టరమ్మా" అన్నాడు. ఆపరేషన్ నాటి ఉదయం ఆయప్ప పక్కన నిలబడితే గుప్పుమని వాసన. నేను డాక్టరుకు చెప్పాల్సింది. చెప్పలే. ఎందుకంటే ముందు దినమే వార్డంతటికీ బేనీషా మామిడిపండ్ల బుట్ట పంపించినాడు, ఆ పండ్లు నా నోట్లో ఉండాయి ఇంకా. చెవి వెనక తోలు నల్లబడి, మానడానికి రెండు నెలలు పట్టింది. దినమూ నేనే కట్టు మార్చినా. ఆయన నన్ను ఒక్క మాట అనలే, "నా తప్పే తల్లీ" అన్నాడు. నాది కూడా అని అనడానికి నాకు నోరు రాలే. పిల్లలూ, పండ్లు తినండి, ఎవరొద్దన్నారు. తిన్నాక కూడా అడగాల్సింది అడగండి.

ముసలోళ్ళ క్యూ

ఇంగ రాజేశ్వరమ్మ సంగతి. ఈ రాత అంతా ఆమె కోసమే.

అప్పటికి ఆమెకు యాభై నాలుగు. తిరుపతిలోనే ఒక బళ్ళో లెక్కల టీచరు. మొగుడు మునిరత్నం శ్రీహరికోటలో కరెంటు పని, శనివారం వచ్చి సోమవారం తెల్లారి పోతాడు. పిల్లలు లేరు, ఇద్దరే. రోగమా, నొప్పా అని అడిగితే, ఆయమ్మ కుర్చీలో నిటారుగా కూర్చొని చెప్పింది:

"కొండ మింద దర్శనానికి పోయినాం సిస్టర్. లైను దగ్గర నిలబడి జనాన్ని పంపేవాడు నన్ను చూసి, 'పెద్దమ్మా, ముసలోళ్ళ క్యూ అటుపక్క' అన్నాడు. నా ఆధార్ కూడా అడగలే! కనీసం అనుమానం రావాల కదా వాడికి? రాలే!"

నేను పెదవి కొరుక్కున్నా. ఆమె చూసేసింది.

"నవ్వండి, నవ్వండి. మా ఆయన కూడా నవ్వినాడు. నాకన్నా నాలుగేండ్లు పెద్ద, ఆయన్నేమో మామూలు లైనులోకి పొమ్మన్నాడు. 'పోవే, నీకు త్వరగా దర్శనమవుతాది, నాక్కూడా రెండు లడ్లు పట్టుకో' అని నవ్వినాడు. అందరి ముందరా."

ఎవరి మాట మింద వచ్చినావు అనేది మా డాక్టరు తప్పకుండా అడిగే ప్రశ్న. మొగుడు బలవంతం చేసి పంపినా, కోడలు ఎగతాళి చేసిందని వచ్చినా ఆయన చెయ్యడు. రాజేశ్వరమ్మ తడుముకోకుండా చెప్పింది. "నా మాట మిందే వచ్చినా. అద్దంలో ఎవరో అలిసిపోయిన మనిషి కనపడతా ఉండాది. నాకు అలుపు లేదు సార్." ఆ జవాబు డాక్టరుకు నచ్చింది. నాకూ నచ్చింది. పడుకోబెట్టి అద్దమిస్తే చూసుకొని, "ఇది చాలు. దీనికి మించి వొద్దు" అనింది. అంత తెలివైన పేషంటు నాకు మళ్ళీ దొరకలే.

మొగుడికి మాత్రం చెప్పనన్నది. ఆమె ముఖం ఆమెది, మొగుడి సంతకంతో పని లేదు. కానీ ఇంట్లో ఒక్కరికైనా తెలిసుండాల, ఏదన్నా అయితే ఆస్పత్రికి తీసుకొచ్చేదానికి. చిత్తూరులో ఉండే చెల్లెలికి చెప్పింది. చెల్లెలికి గర్భసంచి ఆపరేషన్, తోడుండాల అని మొగుడికి చెప్పి, మా దగ్గర ఆపరేషన్ చేయించుకొని మూడు వారాలు అక్కడే ఉండింది. పాపం ఆ చెల్లెలు మూడు వారాలు ఫోనులో మూలిగిందంట. మునిరత్నం వీడియో కాల్ చేస్తే ఈయమ్మ ఫోను ఫ్యానుకు చూపించి మాట్లాడేది. కుట్లు తీయించుకునేదానికి ముసుగేసుకొని బస్సులో వస్తే, నేనూ ఆమే నవ్వలేక నవ్వినాం, కుట్లు లాగతాయని.

ఆమెకు నేను చెప్పిన మాట నాకు బాగా గుర్తుండాది. ఫేస్‌లిఫ్ట్ గీత కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందర దిగి, తమ్మె కింద మలుపు తిరిగి, చెవి వెనక ఎక్కి, మెడ పక్క జుట్టులోకి పోతాది. ఆమె భయపడి, "ఇంత పొడుగా?" అనింది. "ఏం కాదమ్మా, జుట్టు కప్పేస్తాది. ఎవురికీ తెలీదు" అని చెప్పినా. వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పేదాన్ని.

బాగా మానింది. ఇంటికి పోతే మునిరత్నం అన్నాడంట, "చిత్తూరు నీళ్ళు నీకు బాగా పడినాయే!" అని. అది చెప్పడానికే ఆయమ్మ స్వీట్లు పట్టుకొని వార్డుకు వచ్చింది. ముసలిదిగా లేదు, పడుచుదిగా లేదు. రాత్రి కమ్మగా నిద్రపోయి లేచిన మనిషిలా ఉండాది, అంతే.

మేం నమ్మిన జుట్టు

రెండేండ్లు కావస్తా ఉండగా ఒక ఉదయం ఓపీలో మళ్ళీ కనపడింది. గీతకేమన్నా అయిందేమో అనుకున్నా.

"సిస్టర్, జుట్టు తీసేస్తే ఎంత కనిపిస్తాది?" అని అడిగింది.

జడ పక్కకు తీసి చూసినా. చెవి వెనక తెల్లటి గీత, దాని వెంబడి జుట్టు మొలవని సన్నటి దారి. "ఎంత చక్కగా మానిందమ్మా!" అన్నా గర్వంగా.

"బాగా మానిందా అని అడగలే సిస్టర్. ఎంత కనిపిస్తాది అని అడిగినా."

అప్పుడు చెప్పింది. మునిరత్నానికి గుండెపోటు వచ్చింది. ఐసీయూ అద్దంలో నుంచి చూస్తా నిలబడి, ఈ మనిషి బతికి ఇంటికొస్తే గుండు ఇస్తా అని మొక్కుకుంది. ఆపరేషన్ అయింది, బతికినాడు, ఇంటికొచ్చినాడు. మొక్కు సంగతి ఆయనకు చెప్తే ఆ మనిషి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "నాకోసం తలనీలాలు మొక్కుకుంది మా ఆవిడ" అని శ్రీహరికోటంతా చాటినాడు. తనూ ఇస్తానన్నాడు. వచ్చే గురువారం ప్రయాణం.

"నాకు గీత కనపడితే సిగ్గు కాదు సిస్టర్. రెండేండ్లు అబద్ధం చెప్పినానే, అది కనపడతాది. ఆయన గుండె ఇప్పుడు అసలే ఇట్లుండాది."

నాకు తోచింది చెప్పినా. "ఆడోళ్ళు మూడు కత్తెర్లు ఇచ్చినా చాలంట కదమ్మా? మూడు చోట్ల కొసలు కత్తిరిస్తే మొక్కు తీరినట్టే అంటారే."

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలే. "మూడు కత్తెర్లకా సిస్టర్, ఆయన ప్రాణం? నేను గుండు అనే మొక్కుకున్నా."

లేచి డాక్టరు గదిలోకి పోయినా. సంగతి చెప్తే ఆయన పెన్ను కింద పెట్టేసినాడు. మీకొక మాట చెప్పాల. ఈ చెంగల్రాయుడు సారు ఏడాదికొకసారి తప్పకుండా కొండకు పోయి గుండు చేయించుకునే మనిషి. ఆ వారమంతా థియేటర్లో ఆయన టోపీ జారిపోతా ఉంటే నేనే పిన్ను పెట్టేదాన్ని. మా వార్డులో ఆయాలు, వార్డుబాయ్‌లు, పేషంట్ల బంధువులు, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు గుండుతో ఉండేవాళ్ళే. ఆ ఊర్లో కూర్చొని పన్నెండేండ్లు, జుట్టు కప్పేస్తాది, జుట్టు కప్పేస్తాది అని అందరికీ చెప్పినాం! మొక్కుందా అని ఒక్కరిని అడిగింది లేదు. ఆయన చదివిన పుస్తకాల్లో జుట్టు ఎప్పటికీ ఉండేది. నేనేమో చర్చి మనిషిని, నాకు తట్టలే. ఆయనకెందుకు తట్టలేదో ఆయనకే తెలియాల.

"సుగుణా, ఏ ఊర్లో ఉండి ఏం మాట చెప్పినాం మనం!" అన్నాడు తల పట్టుకొని. మళ్ళీ పెన్ను తీసుకొని, "ఆమె జతకు నువ్వు పో. లీవు నేను రాస్తా" అన్నాడు. ఆ సాయంత్రం కాఫీ రెండు కప్పులు తెప్పించినాడు.

ఆ దినమే, ఆపరేషన్‌కు ముందు నింపే మా ఫారం చివర పెన్నుతో ఒక ప్రశ్న రాసినా: తీర్చాల్సిన మొక్కు ఏమన్నా ఉండాదా? ఉంటే, ముందు అది తీర్చుకొని, జుట్టు పెరిగినాక రండి అని చెప్పేదాన్ని. మొక్కు లేనోళ్ళకు కూడా, రేపు రావచ్చు, అప్పుడు ఈ గీత అందరికీ కనపడతాది, ఇష్టమేనా అని అడిగేదాన్ని. ఇంట్లో దాచిపెట్టి చేయించుకునేవాళ్ళకయితే ఇంకొక మాట: ఎన్నాళ్ళు దాచాల్నో ఆలోచించుకో తల్లీ, జుట్టును నమ్ముకోవద్దు.

గురువారం

కొండ బస్సులో వాళ్ళిద్దరూ ముందు సీటు, నేను వెనక సీటు. నన్ను ఆయనకు ఎట్లా పరిచయం చేసిందో తెలుసా? "తెలిసిన సిస్టర్, మీకు నీరసం వస్తే చూసుకునేదానికి పిలిచినా" అని. ఆ మనిషి వెనక్కి తిరిగి తిరిగి దండం పెట్టినాడు. "సూసినారా సిస్టరమ్మా, నా కోసం నర్సును కూడా పిలుచుకొచ్చింది! ఎవరు చేస్తారు ఇట్లా?" అన్నాడు. నాకు సీట్లోనే ముడుచుకుపోవాలనిపించింది.

బస్సు ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతా ఉంటే ఆయమ్మ మూడుసార్లు మొదలుపెట్టింది. "ఇదో, మీకొకటి చెప్పాల" అంటాది. ఆయన, "చెప్పు చెప్పు, ముందు ఆ కొండ చూడు" అంటాడు. మూడోసారికి ఆమె కిటికీ పక్కకు తిరిగిపోయింది.

కళ్యాణకట్టలో ముందు ఆయన చేయించుకున్నాడు. తల తడుముకుంటా, నవ్వుకుంటా వచ్చి, ఆమె చేతిసంచి తీసుకొని పక్కన నిలబడినాడు. ఆమె కూర్చుంది. తల తీసే ఆమె, అంటే గుండు గీసే ఆమె, నీళ్ళు చల్లి, జుట్టు తడిపి, మెడ వంచింది. నీళ్ళు రాజేశ్వరమ్మ ముక్కు మింద నుంచి కారతా ఉండాయి.

రాజేశ్వరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క నిమిషం ఆగు తల్లీ" అనింది తల తీసే ఆమెతో. మొగుడి పక్క తిరిగింది.

"నేను ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నా. చిత్తూరు పోయింది దానికే. చెల్లెలికి ఏ రోగమూ రాలే. ఇప్పుడు కనపడతాది, అందుకే ముందే చెప్తుండా."

ఆయన ముఖం పాలిపోయింది. "ముఖానికేమొచ్చింది? క్యాన్సరా?" అన్నాడు.

"ఏమీ రాలే. ఆ పొద్దు క్యూ కాడ నన్ను ముసలిది అన్నాడు. మీరు నవ్వినారు."

నేను ఆయన చేతి నాడి పట్టుకోవాల్నా అని చూస్తా ఉండా. తల తీసే ఆమె, "అమ్మా, వెనక జనం ఉండారు, తల వంచండి" అనింది. వంచింది. జుట్టు కుప్పలుగా ఒళ్ళో పడింది. ఒక చెవి వెనక గీత బయటపడింది, తర్వాత రెండో చెవిది.

"ఈడ కోసినారా అమ్మా? మెల్లిగా తీస్తాలే," అనింది తల తీసే ఆమె, చెయ్యి ఆపకుండానే. "దినానికి ఎన్ని తలలు చూస్తానో! ఏదో ఒక గీత లేని తల నాకు కనపడలే."

మునిరత్నం వంగి ఈ చెవి వెనక చూసినాడు, ఆ చెవి వెనక చూసినాడు. నా పక్క తిరిగి, "ఇంత కోసినారా?" అన్నాడు.

"కోసినాం అప్పా" అన్నా.

"నేను నవ్వినందుకా?"

దానికి జవాబు నాది కాదు, ఆమెది. ఆమె ఏడుస్తా ఉండిందో, నీళ్ళే కారతా ఉండినాయో నాకు తెలీలే.

స్నానాలయినాక బయట మెట్ల మింద కూర్చున్నారు. ఆయన గంధం కలిపి మొదట ఆమె తలకు పూసినాడు. నడినెత్తి మింద, నుదుటి పైన, తర్వాత చెవి వెనక గీత పొడుగునా వేలితో మెల్లిగా రాసినాడు.

"నొప్పిగా ఉండాదా?"

"ఆడ తిమ్మిరి. ఏమీ తెలీదు."

"రెండేండ్ల నుంచా?"

"ఊఁ."

ఆయన వేలు ఆడే ఉండిపోయింది. "ఒంటిగా పోయి ఇంత పడినావే," అన్నాడు. "నన్ను తిట్టింటే సరిపోయేది కదే, పిచ్చిదానా."

నేను లేచి దూరంగా పోయి, రాని ఫోను మాట్లాడినా.

దర్శనానికి లైను దగ్గరికి వచ్చినాం. నేను బయటే ఆగిపోవాల, సంచులు నా దగ్గర పెట్టినారు. ఇద్దరివీ పసుపుపచ్చ గంధం గుండ్లు. గుండె ఆపరేషన్ అయిన మనిషి కదా, మెల్లిగా నడుస్తా ఉండాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకొని ఉండాది. ఆడ నిలబడిన పిల్లోడు వాళ్ళను చూసినాడు, చెయ్యి ఎత్తినాడు.

"పెద్దమ్మా, తాతా, ముసలోళ్ళ క్యూ అటుపక్క."

రాజేశ్వరమ్మ మొగుడి పక్క చూసింది. అటే పోతే వాళ్ళకు త్వరగా అయిపోతాది, కాళ్ళకు సుఖం. నేనైతే సంతోషంగా పంపేదాన్ని. మునిరత్నం ఆ పిల్లోడి దగ్గరికి పోయి భుజం మింద చెయ్యేసినాడు. ఆయన ముఖంలో నవ్వనేది లేదు.

"అబ్బాయా, ఆమెకు యాభై ఆరే. సరిగ్గా చూసి చెప్పల్ల," అన్నాడు. "మామూలు క్యూ యాడుండాది?"

ఆరు గంటలు నిలబడినారు ఇద్దరూ.